ముందు ఆ పసుపు నీరు కారనివ్వండి: కలబంద మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో కరివేపాకు గురించి రాస్తూ చివర్లో కలబంద మాట ఒకటి ఎత్తాను. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. చూడబోతే మన చెన్నై తెలుగువాళ్ళ బాల్కనీల్లో తులసి కోటకన్నా కలబంద కుండీలే ఎక్కువున్నట్టున్నాయి. కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఒక మాట. ఫార్మసీ కాలేజీలో మందుమొక్కల పాఠం చెప్పి రిటైరైనదాన్ని నేను, డాక్టర్ని కాను. మొక్కలో ఏముందో, అది ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చెబుతాను. మీరు వేసుకునే మాత్రలు తగ్గించడం, మానిపించడం నా పని కాదు. అలా అడిగిన ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అమ్మా, మావారికి అరవై రెండేళ్ళు. రోజూ పానగల్ పార్కులో నడిచి, వచ్చేటప్పుడు బండి దగ్గర కలబంద జ్యూస్ ఒక పెద్ద గ్లాసు తాగి వస్తారు. షుగర్ మాత్రలు, బీపీకి రెండు రకాలు వాడుతున్నారు. అందులో ఒకటి నీరు పోయే మాత్ర. ఈమధ్య రోజుకి మూడు నాలుగుసార్లు విరేచనం అవుతోంది, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయి. అడిగితే "ఒంట్లో చెత్తంతా పోతోంది, మంచిదే" అంటున్నారు. మంచిదేనా?
— ఒక గృహిణి, టి.నగర్

జవాబు: ముందు ఆ జ్యూస్ ఆపించండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, జ్యూస్ సంగతి దాచకుండా చెప్పి, రక్తంలో సోడియం, పొటాషియం ఎంతున్నాయో పరీక్ష చేయించండి. మిగతాది ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

కలబంద మట్టని అడ్డంగా కోసి, కోసిన వైపు కాసేపు చూడండి. పైన ఆకుపచ్చ తోలు ఉంటుంది. మధ్యలో రంగు లేని జిగురు గుజ్జు ఉంటుంది. ఈ రెండింటికీ నడుమ, తోలుని అంటుకుని, చిన్న చిన్న గొట్టాల వరస ఒకటుంటుంది. అందులోంచి పసుపుపచ్చని నీరు బొట్లు బొట్లుగా ఊరి అంచు దగ్గర నిలుస్తుంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే ఆ చేదు మధ్యాహ్నం భోజనం దాకా వదలదు. ఒకే మట్టలో రెండు మందులున్నాయన్నమాట. గుజ్జులో నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది పాళ్ళు నీళ్ళే. మిగిలిన కాస్తలో ఎసిమానన్ వంటి పొడవాటి చక్కెర గొలుసులుంటాయి. ఆ జిగురు వాటి వల్లే. పసుపు నీటిలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. అది సునాముఖి ఆకులో ఉండే భేది మందుకి దగ్గర చుట్టం. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని విడగొడితే, పేగు గోడ రేగి, నీటిని పీల్చుకోవడం తగ్గించేస్తుంది. తాగిన ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో విరేచనం, దాంతోపాటు కడుపులో మెలిపెట్టే నొప్పి.

విరేచనంతో పొటాషియం పోతుంది. నీరు పోయే మాత్రల్లో చాలావాటితో మూత్రంలోనూ పోతుంది. మీవారి పిక్కలు పట్టేయడానికి అదే కారణం కావచ్చు. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్ళకైతే ఇంకా ప్రమాదం. షుగర్ సంగతికొస్తే, కలబంద వల్ల పరగడుపు చక్కెర కొంత తగ్గిందని చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. సంతోషించాల్సిందే కానీ, ఇప్పటికే మాత్రలు వేసుకునే మనిషికి అది రెండో మాత్ర వేసినట్టే. మోతాదు ఎంతో ఆ బండివాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు.

బండివాళ్ళందరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా పెరంబూరులో ఒకాయన మట్టలు రాత్రే కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా బక్కెట్లో నిలబెట్టి, పొద్దున అడుగున చేరిన పసుపు నీళ్ళు పారబోసి, తోలు మందంగా చెక్కి, గుజ్జుని నీళ్ళు మార్చి మార్చి కడుగుతాడు. "ఏళు తడవై కళువణుమ్మా" అని నాకే పాఠం చెప్పాడు. ఏడుసార్లు కడగాలన్నది తమిళ సిద్ధవైద్యుల పాత పద్ధతి. కడుగుతుంటే నీళ్ళలో పసుపు తగ్గడం కంటికి కనిపిస్తుంది, అందుకే నాకా పద్ధతి మీద గౌరవం. అదే వీధి చివర ఇంకో బండి దగ్గర తోలుతో సహా మిక్సీలో వేసి తిప్పేస్తారు. మీవారు తాగేది ఏ రకమో నాకు తెలియదుగానీ, రోజుకి నాలుగు విరేచనాలంటే రెండో రకమే అనిపిస్తోంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆయన నడిచే పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజా మన కాళహస్తి మనిషి. 1920లలో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, దేశీయ వైద్యాన్నీ బడి పెట్టి పద్ధతిగా నేర్పాలని పట్టుబట్టి కీల్పాక్‌లో పాఠశాల తెరిపించాడు. ఆయన పేరున్న పార్కు గేటు ముందు ఇప్పుడు జరుగుతున్న వైద్యం చూస్తే ఏమనేవాడో!

ప్రశ్న: మేడమ్, మొన్న గారెలు వేస్తుంటే నూనె చిట్లి ముంజేతి మీద పడింది. మా అత్తగారు టూత్‌పేస్టు రాయమన్నారు, పక్క ఫ్లాటావిడ కలబంద తెచ్చి పెట్టారు. కాలిన చోట కలబంద నిజంగా పనిచేస్తుందా?
— ఉద్యోగిని, పోరూరు

జవాబు: పనిచేస్తుంది, కానీ రెండో వరసలో. కాలిన మరుక్షణం చెయ్యాల్సింది కొళాయి కింద పెట్టడం. గాజులు, ఉంగరం తీసేసి, మామూలు చల్లటి నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు. ఐసు వద్దు. టూత్‌పేస్టు, నెయ్యి, ఇంకు, పసుపు ఏదీ వద్దు. చర్మంలో ఇంకిన వేడిని బయటికి లాగేది ఆ నీళ్ళే. మన నగరంలో వేసవిలో ట్యాంకు నీళ్ళు సలసలా కాగుతుంటాయి కాబట్టి, కొళాయి తిప్పి వేడి నీళ్ళు పోయేదాకా వదిలి, ఆ తర్వాత చెయ్యి పెట్టండి. లేకపోతే తాగే నీళ్ళ క్యాను ఉండనే ఉంది.

నీళ్ళ పని అయ్యాక, చర్మం ఎర్రబడి మండుతోందే తప్ప తెగలేదనుకుంటే అప్పుడు కలబంద గుజ్జు రాయొచ్చు. దీనికి కాస్త గట్టి ఆధారమే ఉంది. 2007లో థాయ్‌లాండ్ పరిశోధకులు అంతకుముందు జరిగిన నాలుగు పరీక్షల్ని కలిపి, మొత్తం 371 మంది వివరాలు లెక్కగట్టారు. కలబంద వాడినవాళ్ళ కాలిన గాయాలు మిగతావాళ్ళకన్నా సగటున 9 రోజులు ముందే మానాయి. పైపైన కాలినవీ, కొంచెం లోతుగా కాలినవీ మాత్రమే సుమా.

ఇది చదివి ప్రతి గాయానికీ కలబంద పూసేయకండి. 1991లో అమెరికాలో ఆపరేషన్ కుట్లు విడి తెరుచుకున్న ఆడవాళ్ళ మీద కలబంద జెల్ వాడి చూశారు. మామూలు కట్టు కట్టినవాళ్ళ గాయాలు సగటున 53 రోజుల్లో మానితే, జెల్ వాడినవాళ్ళవి 83 రోజులు పట్టాయి. లోతైన గాయానికీ, సిజేరియన్ కుట్లకీ, షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండుకీ ఇది వాడకూడదని నేను అనడానికి కారణం అదే. బొబ్బ లేస్తే చిదమకండి. ముఖం, చేతివేళ్ళు, కీళ్ళ మీద కాలినా, అరచెయ్యంత కన్నా ఎక్కువ కాలినా, చిన్నపిల్లలకి ఎంత కాలినా నేరుగా ఆసుపత్రికే.

మీ అత్తగారికి ఒక మాట చెప్పండి: టూత్‌పేస్టు పళ్ళకి చాలా మంచిది.

ప్రశ్న: ఆవడి నుంచి వచ్చే దారిలో రైలు పట్టాల పక్కన మనిషెత్తు కలబందలున్నాయి. ఇంత పెద్ద మట్టలు ఉచితంగా దొరుకుతుంటే కొనడం దేనికని ఒకటి కోసుకొచ్చా. లోపల గుజ్జు లేదు, అంతా పీచే. చేతులు ఎర్రగా దద్దురెక్కి రెండ్రోజులు దురద. పాడైన మట్టా అది?
— చిరువ్యాపారి, ఆవడి

జవాబు: మట్ట బాగానే ఉంది బాబూ, మొక్కే వేరు. మీరు కోసింది కిత్తనార జాతిది. తమిళంలో పెద్దదాన్ని ఆనైక్కత్తాళై అంటారు, అంటే ఏనుగు కలబంద. ఆ పేరు వల్లే చాలామంది ఇది కలబందకి అన్నగారనుకుంటారు. దాని సొంత ఊరు అమెరికా ఖండం, మెక్సికో వైపు. కంచెకి, తాళ్ళ నారకి పనికొస్తుంది. దాని రసంలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి. అవి చర్మంలో గుచ్చుకుంటే మీరు పడ్డ బాధే. ఈసారి పోల్చుకోవాలంటే మట్ట చివర చూడండి. కిత్తనారకి కొన దగ్గర గట్టి నల్లటి ముల్లు ఉంటుంది. కలబంద కొన మెత్తగా వంగుతుంది, అంచున ఉండే పళ్ళు కూడా గోటితో గీకితే ఊడొస్తాయి. మట్ట విరిస్తే నార సాగితే కిత్తనార, జిగురు సాగితే కలబంద. దురద ఇంకా ఉంటే చర్మ డాక్టరుకి చూపించండి. తినలేదు కదా, అదే నయం.

ప్రశ్న: చెల్లీ, నీకంటే పెద్దదాన్నే అయ్యుంటాను. మా మనవరాలికి ఐదో నెల. మలబద్ధకంతో అల్లాడుతోంది. మా అమ్మ మాకు ముసాంబరం గోరంత ఉండ చేసి ఇచ్చేది. ఇక్కడ నాటు మందుల కొట్లో దొరుకుతోంది. ఇవ్వనా? అలాగే మా కాలంలో పాలు మాన్పించడానికి కూడా ముసాంబరమే రాసుకునేవాళ్ళం. అదీ తప్పేనా?
— ఒక ముత్తవ్వ కాబోతున్నావిడ, మాధవరం

జవాబు: అక్కయ్యా, ఇవ్వకు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

నువ్వు చెబుతున్న ముసాంబరం, నేను పైన రాసిన పసుపు నీరు, రెండూ ఒకటే. మట్టలు కోసి వాలుగా ఉన్న తొట్టెలో తలకిందులుగా పేరుస్తారు. కారిన నీటిని పట్టి, చిక్కబడేదాకా కాచి, చల్లారబెడితే నల్లగా గడ్డకడుతుంది. మా కాలేజీలో గాజు సీసాల్లో వరసగా పెట్టుకునేవాళ్ళం: కరీబియన్ దీవి కురసావ్ నుంచి వచ్చేది, దక్షిణాఫ్రికా కేప్ రకం, ఎమెన్ దగ్గరి సొకోత్రా దీవిది, మన గుజరాత్ జాఫరాబాద్‌ది. కేప్ రకం ముక్క విరిస్తే పగిలిన సీసా పెంకులా తళతళలాడుతుంది. ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలకి ఇష్టమైన ప్రయోగం ఇదే. ముసాంబరం నీళ్ళలో మరిగించి, వడకట్టి, చిటికెడు వెలిగారం వేసి వేడిచేస్తారు. ఆ ద్రవం నాలుగు చుక్కలు టెస్ట్‌ట్యూబు నిండా ఉన్న నీళ్ళలో వదిలితే, నీళ్ళు కిటికీ వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తాయి. వాసన మాత్రం భరించలేం. ప్రాక్టికల్ అయిన రోజు ల్యాబ్ అటెండరు నన్ను తిట్టుకుంటూనే కిటికీలు తీసేవాడు.

ఇంత ఘాటైన భేది మందు పెద్దపేగుని గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, దాంతోపాటు కటి భాగానికంతా రక్తం ఎక్కువ చేరుతుంది. గర్భసంచీ కూడా ముడుచుకునే ప్రమాదం ఉందనే పాత వైద్య గ్రంథాలూ, కొత్త ఫార్మసీ పుస్తకాలూ గర్భిణులకి దీన్ని వద్దంటాయి. ముట్టు జారీ కావడానికి ఇచ్చే మందుల్లో ముసాంబరం ఎందుకుండేదో నువ్వే ఆలోచించు. పాలిచ్చే తల్లికీ కడుపులోకి వద్దు. అమెరికాలో 2002 నుంచి కలబంద పసుపు రసం ఉన్న భేది మందుల్ని చీటీ లేకుండా కొట్లో అమ్మడం ఆపేశారు. అవి క్షేమమని నిరూపించే వివరాలు తెమ్మంటే కంపెనీలు తేలేదు.

మనవరాలికి నీళ్ళు ఎక్కువ తాగించు, ఆకుకూర, అరటిపండు, నానబెట్టిన ఎండుద్రాక్ష పెట్టు, సాయంత్రం కాస్త నడిపించు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలబద్ధకం వస్తుంది. మాత్ర మార్చమని వాళ్ళ డాక్టరమ్మని అడిగితే మారుస్తుంది. గర్భిణులకి ఇవ్వదగ్గ విరేచనం మందులు వాళ్ళ దగ్గర వేరే ఉన్నాయి.

పాలు మాన్పించే సంగతి. చేదు తగిలి బిడ్డ మొహం తిప్పుకుంటుంది, నిజమే. కానీ ఎంతో కొంత మింగుతుంది కూడా. మింగితే పసిబిడ్డకి విరేచనాలు. వేపాకు నూరి రాసుకున్నా చేదే కదా అంటావేమో, నేనైతే అదీ చెప్పను. మెల్లిగా ఒక్కో పూటా తగ్గించుకుంటూ మాన్పించమని చెప్పు. ఇక బెణికిన మడమకి ముసాంబరం పట్టు వేసేవాళ్ళు చూడు, చర్మం తెగకపోతే దాంతో పెద్ద ముప్పు లేదు. పంచె మీద మరక పడితే మాత్రం పోదు.

ప్రశ్న: మేడమ్, ఇన్‌స్టాలో చూసి తాజా కలబంద ముఖానికి రాసుకున్నాను. పది నిమిషాల్లో మంట, దురద. కొట్లో కొన్న జెల్ రాస్తే ఏమీ కాదు. అంటే కొన్నదే మంచిదా? మొటిమలకి, సోరియాసిస్‌కి కూడా పనిచేస్తుందా? మా అక్కకి సోరియాసిస్ ఉంది.
— కాలేజీ విద్యార్థిని, తాంబరం

జవాబు: నువ్వు మట్ట కోసి కోయగానే ముఖానికి రుద్దేసి ఉంటావు. అవునా? ఆ పసుపు నీరు అంటితే మంట రావడం మామూలే. మట్టని మొదలు దగ్గర కోసి, గ్లాసులో కోసిన వైపు కిందికి పెట్టి అరగంట వదిలెయ్. అడుగున పసుపు చేరుతుంది, పారబొయ్. రెండు వైపులా ముళ్ళ అంచులు తీసెయ్. తోలు చెక్కేటప్పుడు లోభం చూపించకు, పచ్చదనం ఏమాత్రం మిగలకుండా మందంగా చెక్కు. గుజ్జు ముక్క గాజులా తేటగా ఉండాలి. నీళ్ళలో కడిగి, ముందు మోచేతి మడత దగ్గర రాసి ఒక రోజు ఆగు. అక్కడ ఏమీ కాకపోతే ముఖానికి. అప్పుడూ దురద వస్తే నీ ఒంటికి కలబంద పడదు, అంతే. ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్ళలో కొందరికి ఇదీ పడదు. కోసిన గుజ్జు ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజుల మించి ఉంచకు. నీరుకారి గోధుమరంగులోకి తిరిగిందంటే జిగురు విరిగిపోయినట్టే.

కొట్లో జెల్ పచ్చగా ఉందా? గుజ్జుకి రంగే లేదని ఇప్పుడే చెప్పాను కదా. మరి ఆ పచ్చ ఎక్కడిదంటావ్? డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల వరస ఉంటుంది. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాస్తారు. మొదట నీళ్ళు, తర్వాత జిగురునిచ్చే కార్బోమర్, సువాసన, రంగు, ఎక్కడో చివర్న కలబంద కనిపిస్తే, నువ్వు డబ్బు పెట్టింది డబ్బా మీది బొమ్మకి.

మొటిమల మీద ఒక్క కలబందతో జరిగే మేలు కొంచెమే. డాక్టరు రాసిచ్చే ట్రెటినాయిన్ క్రీముతో కలిపి వాడినప్పుడు ఫలితం బాగుందనీ, చర్మం మంటపుట్టడం తగ్గిందనీ ఒక పరీక్షలో తేలింది. మీ అక్క సంగతి తిరకాసుగా ఉంది. 1996లో 60 మంది సోరియాసిస్ రోగుల మీద చేసిన పరీక్షలో కలబంద క్రీము వాడినవాళ్ళలో 83 శాతం మందికి మచ్చలు మానాయి. 2005లో డెన్మార్క్‌లో చేసిన పరీక్షలో అది మందు లేని ఉత్త జెల్ కన్నా మెరుగనిపించుకోలేదు. పొడిబారిన చోట రాసుకుంటే హాయిగా ఉంటే రాసుకోమను. డాక్టరిచ్చిన మందు మాత్రం మానొద్దను.

కత్తిరి వెయిల్ రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, చెమటకాయలకి రాస్తే చల్లగా ఉంటుంది. అయితే ఎండ తగలకుండా కాపాడే శక్తి దానికి లేదు, గొడుగు మర్చిపోకు.

ప్రశ్న: జుట్టు రాలడం ఆగుతుందా? ఒక్క మాటలో చెప్పండి.
— వేళచ్చేరి

జవాబు: ఆగదు. చుండ్రుకి మాత్రం కొంత పనిచేస్తుంది. 44 మంది మీద చేసిన పరీక్షలో కలబంద లోషన్ రాసుకున్నవాళ్ళకి పొట్టు, దురద తగ్గాయి. రాలడానికి రక్తహీనతో, థైరాయిడో, కాన్పు తర్వాతి మార్పో, మరేదో కారణం ఉంటుంది. దాన్ని వెతకండి. బోరు నీళ్ళని మాత్రమే తిట్టి ఊరుకోకండి.

ప్రశ్న: నమస్కారమండీ. వాట్సాప్‌లో ఒకరు కలబంద క్యాన్సర్‌ని నయం చేస్తుందని పంపారు. సాయంత్రానికి ఇంకొకరు కలబంద వల్లే క్యాన్సర్ వస్తుందని పంపారు. ఏది నమ్మాలి?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, అన్నానగర్

జవాబు: మొదటిది చెరిపేయండి. క్యాన్సర్‌ని నయం చేసినట్టు ఎక్కడా ఋజువు లేదు. క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నచోట చర్మం కమిలితే కలబంద రాయడం మాత్రం చాలా పాత అలవాటు. 1935లోనే అమెరికాలో ఎక్స్‌రే వల్ల చర్మం కమిలిన ఒకావిడకి కలబందతో తగ్గిందని ఇద్దరు డాక్టర్లు రాశారు. కలబంద మీద ఆధునిక వైద్యులకి ఆసక్తి పుట్టించింది ఆ రాతే. తర్వాత పెద్ద సంఖ్యలో రోగుల మీద చేసిన పరీక్షల్లో అంత గొప్పగా ఏమీ కనిపించలేదు. చికిత్సలో ఉన్నవాళ్ళు ఆ చోట ఏది రాయాలన్నా వాళ్ళ డాక్టర్ని అడిగే రాయాలి.

రెండోదాంట్లో తోకంత మాత్రం నిజం ఉంది. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు తోలు, పసుపు నీరు, గుజ్జు కలిపి మొత్తం మట్టని పిండి, ఆ రసాన్ని వడగట్టి రంగు తీయకుండా (అంటే అందులోని అలోయిన్ పోనివ్వకుండా), రెండేళ్ళపాటు ఎలుకల తాగేనీళ్ళలో కలిపారు. పెద్దపేగులో గడ్డలు వచ్చాయి. చుంచెలుకల్లో రాలేదు. దాన్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ మొత్తం మట్ట రసాన్ని 'మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అనే జాబితాలో, 2బి అనే తరగతిలో వేసింది. చర్మానికి రాసుకునే గుజ్జు గురించి కాదు ఈ మాట. తాగే సీసా కొనాలనుకుంటే అలోయిన్ తీసేసినట్టు సీసా మీద రాసి ఉందా చూడండి. పదిలక్షల పాళ్ళకి పది పాళ్ళు మించకూడదని కలబంద తయారీదార్ల అంతర్జాతీయ సంఘమే పరిమితి పెట్టుకుంది. 'మొత్తం ఆకు రసం' అని గొప్పగా రాసి, రంగు తీసిన మాట ఎక్కడా లేకపోతే ఆ సీసా మళ్ళీ అరలో పెట్టేయండి. ఆపరేషన్ ఉన్నవాళ్ళు రెండు వారాల ముందే ఏ కలబంద రసమైనా మానేసి, ఆ మాట మత్తు డాక్టరుకి చెప్పాలి.

ప్రశ్న: కుమార్యాసవం మంచి టానిక్కని మా నాన్నగారికి కొన్నాను. ఆయనకి షుగర్ ఉంది. ఇవ్వొచ్చా?
— రాయపురం

జవాబు: ఆయుర్వేద వైద్యుడు చూసి రాసిచ్చాడా, మీరే కొట్లో అడిగి కొన్నారా? మీరే కొనుంటే ఇవ్వకండి. కుమారి అంటే కలబందే. దాని రసంలో బెల్లం, తేనె, దినుసులు వేసి పులియబెడతారు. అలా పులిసినప్పుడు దానంతటదే సారా పుడుతుంది, అది సీసా మీద కూడా రాసుంటుంది. బెల్లం, సారా, భేది గుణం మూడూ ఒకే చెంచాలో ఉన్నాయి. షుగర్ మాత్రలు వేసుకునే పెద్దాయనకి ఎంత, ఎన్నాళ్ళు ఇవ్వాలో వైద్యుడే తేల్చాలి. తాంబరం శానటోరియంలో జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఉంది, అక్కడ ఓపీలో చూపించుకోవచ్చు. మాత్రల చీటీ వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా వీధిలో ప్రతి గుమ్మానికీ కలబందని వేళ్ళతో సహా తలకిందులుగా వేలాడదీశారు. మట్టీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి ఎలా బతుకుతోంది? కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పోసే నా మొక్కేమో కుళ్ళిపోయింది.
— పెరంబూరు

జవాబు: మా పేటవారే! దిష్టికి కడతారు, కొందరు దానిపక్కనే ఆకాశగరుడగడ్డ కూడా కడతారు. దిష్టి సంగతి నాకు తెలియదుగానీ బతకడం సంగతి చెబుతాను. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ తెరిచినప్పుడే నీరు ఆవిరైపోతుంది. కలబంద ఎడారి బుద్ధి చూపిస్తుంది. దాని పుట్టిల్లు అరేబియా. రంధ్రాలు రాత్రి చల్లబడ్డాక తెరిచి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పులుపుగా మార్చి దాచుకుని, పగలు తలుపులు బిగించి ఆ సరుకుతో ఆహారం వండుకుంటుంది. గుజ్జులో ఉన్న నీళ్ళు తాగుతూ గడుపుతుంది. మీ వీధివాళ్ళ మట్టలు ముట్టుకుని చూడండి, పల్చబడి ముడతలు పడి ఉంటాయి. బలవంతాన బతుకుతోంది పాపం. మందుకి ఆ మట్ట పనికిరాదు.

మీరు రోజూ నీళ్ళు పోయడమే దాన్ని చంపింది. కింద చిల్లు ఉన్న మట్టి కుండీ తీసుకుని, సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక కలపండి. తల్లి మొక్క పక్కన పిలకలు లేస్తాయి, అరచేతంత అయ్యాక వేరుతో తీసి, రెండ్రోజులు నీడలో ఆరబెట్టి నాటండి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్ళు. ఐప్పసి, కార్తీక మాసాల్లో (అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా) మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వాన పడుతున్నన్నాళ్ళూ కుండీని చూరు కిందికి జరపండి, నీళ్ళ డబ్బా ముట్టుకోకండి. మట్ట కోయాలంటే ఎప్పుడూ అడుగు వరస నుంచి, బయటివైపుది కోయండి. మధ్యలో లేతవి వదిలేయండి. పిలక దొరక్కపోతే మా డాబా మీద నాలుగు కుండీల్లో కిక్కిరిసి ఉన్నాయి. పత్రిక ఆఫీసుకి ఒక సంచీ నిండా పంపిస్తున్నాను, మీ పేటే కాబట్టి వచ్చి పట్టుకెళ్ళండి.